అరిసె దాటని గడపను కేకు దాటింది

పల్లెల్లో క్రిస్మస్ పండుగకు వచ్చిన మార్పులు

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే చాలు, పాత గుంటూరు జిల్లా పల్లెల్లో క్రైస్తవులున్న ప్రతి పేటలోనూ సందడి మొదలవుతున్నది. గోడలకు రంగులు పడుతున్నాయి. చర్చి ముందు పందిరికి గుంజలు పాతుతున్నారు. మేడల మీద ప్లాస్టిక్ నక్షత్రాలు రాత్రంతా రంగులు మారుస్తూ వెలుగుతున్నాయి. ఊరు వదిలి హైదరాబాదు, బెంగళూరు వెళ్లినవారు ఇరవై మూడో తేదీ రాత్రి బస్సులో సీటు దొరకలేదని ఇంటికి ఫోను చేసి వాపోతున్నారు. పండుగ అదే, తేదీ అదే. కాని ఇంట్లో ఆ పండుగ జరిగే తీరు మాత్రం తాతల నాటిది కాదు, తండ్రుల నాటిదీ కాదు.

"వెనకటి పండుగలో ఉన్న రుచి ఇప్పుడేదీ?" అన్నది పెద్దలున్న ప్రతి ఇంట్లో వినబడే మాటే. అందులో నిజం లేకపోలేదు. అయితే వెనకటి పండుగలో ఏముండేదో, అందులో ఏది పోయిందో, ఎందుకు పోయిందో నిదానంగా చూస్తే లెక్క అంత తేలిగ్గా తేలదు.

కూలి గింజలతో పండుగ

ఈ జిల్లాకు క్రిస్మస్ నిన్న మొన్న వచ్చిన పండుగ కాదు. అమెరికా లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టింది 1842 జూలై 31న. తర్వాత కొన్నేళ్లకు ఆయన గురజాల వెళ్లి పల్నాడులో కూడా పని ప్రారంభించాడు. ఫిరంగిపురం వైపు కథోలిక కుటుంబాలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. దొరలు, దొరసానులు పండుగ తేదీని తెచ్చారు. పండుగ వంట మాత్రం ఈ నేలదే.

దానికి కారణం పొలం. డెల్టాలో వరికోతలు సాగేది సరిగ్గా ఈ రోజుల్లోనే. కోత కూలి, కుప్ప కూలి చాలాచోట్ల డబ్బుగా కాక ధాన్యంగా ముట్టేది. మిగిలిన నెలలు అప్పో సప్పో చేసి గడుపుకొచ్చిన కూలి కుటుంబానికి ఇంట్లో గింజలు కనబడే కాలం ఇదొక్కటే. ఆ గింజలు దంచితే కొత్త బియ్యం, అంగడికి వెళితే కొత్త బెల్లం. ఇంకేం కావాలి? సంక్రాంతికి ఊరంతా వండుకునే అరిసెలనే క్రైస్తవుల ఇళ్లలో మూడు వారాలు ముందుగా వండుకున్నారు. మతం మారినా మూకుడు మారలేదన్నమాట.

పల్నాడు మెట్టలో సంగతి వేరు. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలేదాకా అక్కడ బీదల నిత్యభోజనం జొన్నలు, సజ్జలు. వరన్నం పండుగ నాటి మాట. అందుకే ఆ వైపు పాతతరం వారికి క్రిస్మస్ అంటే ముందుగా గుర్తుకొచ్చేది తెల్లటి అన్నం, కోడికూర. సాగరు నీళ్లు వచ్చి, ఆపైన 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక అన్నానికి ఆ గౌరవం పోయింది. పోయినందుకు విచారించిన వారెవరూ లేరు.

అరిసెలు ఒకరి చేతిమీద అయ్యే వంట కాదు. ముందురోజే బియ్యం నానబెట్టాలి. నీళ్లు వంచేసి, తడి ఆరీ ఆరకముందే రోట్లో పోసి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోకళ్లతో దంచాలి. ఒకరు జల్లించాలి. పాకం దగ్గర మాత్రం ఇంటి పెద్దావిడ ఉండాల్సిందే. నీళ్ల పళ్లెంలో పాకం చుక్క వేసి, అది వేళ్ల మధ్య ఉండ కట్టేదాకా ఆమె పిండి పోయనివ్వదు. "తొందరపడమాకే అమ్మాయ్, పాకం లేతదైతే అరిసె నూనెలోనే విడిపోద్ది" అని కోడలిని కేకలేసేది. ముదిరితే అరిసె రాయే! ఒకరు ఒత్తుతుంటే ఒకరు వేయించి తీయాలి, మరొకరు చెక్కల మధ్య పెట్టి నూనె పిండాలి. అందుచేత నాలుగిళ్లవారు కలిసి ఈవేళ ఒకరింట, రేపు మరొకరింట వండుకునేవారు. పొయ్యి దగ్గరే పాతకోపాలు చల్లారేవి, కొత్త సంబంధాలు మాట్లాడుకునేవారు. డబ్బాలకెత్తిన అరిసెలు పిల్లలకు అందకుండా అటకెక్కేవి. పిల్లలకు అందేవి, అది వేరే సంగతి.

ఈ వంట ఒక్కసారిగా పోలేదు. మొదట పిండిమర వచ్చి రోకలిని మూలన పెట్టింది. తర్వాత వరికోత యంత్రాలు వచ్చాయి. చేలో యంత్రం కోసి, నూర్చి, ట్రాక్టరులో పోసి పోతున్నప్పుడు కోత కూలికి గింజ ఎక్కడిది? పొద్దున్నే ఆటో ఎక్కి ఊరు దాటి పనికి పోయే కోడలికి పాకం దగ్గర గంటలు కూర్చునే తీరిక ఎక్కడిది? ఇప్పుడు అరిసెలు మిఠాయి దుకాణంలో కిలోల లెక్కన దొరుకుతున్నాయి. అట్టపెట్టెలో సర్దించి అమెరికాలోని కొడుక్కి కొరియర్లో పంపుతున్న తల్లిదండ్రులూ ఉన్నారు. అరిసె పోలేదు, అరిసె వండే నలుగురూ ఒకచోట చేరడం పోయింది.

వెదురు బద్దల చుక్క

నక్షత్రం కథ కూడా కొంత ఇలాంటిదే. ఇప్పుడు దుకాణంలో కొని, మడత విప్పి, తీగ తగిలిస్తే అయిపోయింది. వెనక అది వారం రోజుల పని. వెదురు చీల్చి బద్దలు చేయాలి, రెండు చుక్కలు కట్టి మధ్యలో పుల్లలు పెట్టి ఎడం చేయాలి. మైదాపిండి ఉడికించిన జిగురుతో రంగు కాగితాలు అంటించాలి. లోపల కిరసనాయిలు దీపం పెట్టి, పొడుగాటి వెదురుగడకు కట్టి పైకెత్తేవారు. గాలి వీస్తే దీపం ఒరిగి, వారం రోజుల కష్టం క్షణంలో తగలబడిపోయేది. మర్నాడు మళ్లీ బద్దలు చీల్చడమే. పక్కపేట చుక్క కంటే తమ చుక్క జానెడు ఎత్తున ఉండాలని కుర్రవాళ్ల పంతం. కరెంటు వచ్చాక దీపం స్థానంలో బల్బు వచ్చింది, తగలబడే భయం తీరింది. కాగితం చుక్క మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నిలిచింది.

సముద్రతీరం వైపు క్రిస్మస్ చెట్టు అంటే సరుగుడు కొమ్మే. దూది అతికించి మంచు అనుకోవాలి. ఆ పిల్లల్లో మంచు చూసినవాడు ఒక్కడూ లేడు.

బట్టల సంగతి ఒక్క మాటలో చెప్పుకోవచ్చు. ఒకే తానులోంచి అన్నదమ్ములందరికీ చొక్కాలు కుట్టించేవారు కనుక, చర్చిలో చూడగానే ఎవరి పిల్లలో తెలిసిపోయేది. దర్జీ మిషను ఇరవై నాలుగో తేదీ అర్ధరాత్రి దాకా ఆడేది. ఇప్పుడు రెడీమేడు.

పెట్రోమాక్సు వెలుగులో పాటలు

పండుగకు పది పదిహేను రోజుల ముందు నుంచే పాటల బృందం రాత్రిపూట బయలుదేరేది. ముందు పెట్రోమాక్సు లైటు, వెనక మెడకు తగిలించిన హార్మోనియం, డోలక్కు, తాళాలు. పాడేది 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలోవి. ఆ పుస్తకంలో కీర్తనల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌధరి (1803-1890) వంటి వారు రచించిన కీర్తనలను చదువు రాని ముసలివారు కూడా చరణాలతో సహా అప్పజెప్పేవారు. ప్రతి గుమ్మం ముందు ఒక పాట, ఒక ప్రార్థన. ఇంటివారు చేటలో గింజలో, పావలా అర్ధో తెచ్చి ఇచ్చేవారు. కాస్త కలిగినవారైతే అందరికీ టీ.

ఇరవై నాలుగో తేదీ రాత్రి పిల్లల నాటకం. గొల్లల వేషాలకు నిజమైన గొల్లల ఇళ్ల నుంచే గొంగళ్లు అడిగి తెచ్చుకునేవారు. హేరోదు కిరీటం అట్టముక్కకు సిగరెట్టు పెట్టెల్లోని వెండికాగితం అంటించి చేసిందే. 'కరుణామయుడు' సినిమా 1978లో వచ్చాక పల్లెల్లో తెర కట్టి చూపడం మొదలైంది, పిల్లల నాటకానికి గిరాకీ తగ్గింది.

ఈ రోజుల్లో బృందం ట్రాక్టరు మీద, సౌండు బాక్సులతో వస్తున్నది. పాట ముందే రికార్డయి ఉంటున్నది. నెల పొడవునా 'సెమీ క్రిస్మస్' పేరుతో సభలు జరుగుతున్నందున అసలు పండుగ వచ్చేసరికి గొంతులు, జేబులు రెండూ అలసిపోతున్నాయని చమత్కరించేవారు ఉన్నారు. మరోవైపు క్రిస్మస్‌ను ప్రత్యేకంగా పాటించని సంఘాలూ ఉన్నాయి. అలాంటి సంఘం నుంచి కోడలు వచ్చిన ఇంట్లో, చుక్క కట్టాలా వద్దా అన్నది పెద్ద చర్చే అవుతున్నది. చివరికి పిల్లలు ఎటు లాగితే అటు.

పళ్లెం ఎంతదూరం వెళ్లింది?

ఇన్ని మార్పుల్లో పెద్దలు తక్కువగా మాట్లాడేది ఒకటుంది. అది పండుగ పళ్లెం.

జిల్లాలోని క్రైస్తవులంతా ఒకే కులం వారు కారు. ఫిరంగిపురం ప్రాంతంలో రెడ్ల ఇళ్లలోనూ, కమ్మల ఇళ్లలోనూ తరతరాలుగా ఈ పండుగ ఉంది. అయితే జిల్లా మొత్తం మీద ఎక్కువ కుటుంబాలు దళితవాడలవి. పండుగ నాడు పేటలో ఒకరింటి అరిసె మరొకరింటికి వెళ్లడానికి అడ్డు లేదు. పేట దాటి ఊళ్లోకి వెళ్లాలంటేనే చిక్కు. ఏడాదంతా ఎవరి చేలో పని చేశారో ఆ రైతు ఇంటికి పండుగ నాడు ఏదో ఒకటి పట్టుకెళ్లడం మర్యాద. కాని వండింది అక్కడ చెల్లదు. అందుకని అరటిపళ్లు, పంచదార, కలకండ, నిమ్మకాయలు పట్టుకెళ్లేవారు. పట్టుకెళ్లినవి అరుగు మీద పెట్టి, కాస్త ఎడంగా నిలబడేవారు. ఎవరైనా ధైర్యం చేసి నాలుగు అరిసెలు ఆకులో చుట్టి తీసుకెళ్లినా, "అట్టా పెట్టిపోరా" అని చెప్పి, తర్వాత వాటిని పాలేరుకో గేదెకో పెట్టిన ఇళ్లు ఉన్నాయి. ఇది అందరి ఇళ్లలోనూ జరిగిందని కాదు. జరగలేదనడం కూడా సరికాదు. నలుగురు ఆడవాళ్లు నడుము పడిపోయేలా వండిన అరిసె అది.

తర్వాతి రోజుల్లో రెండు వైపుల పిల్లలూ ఒకే బడిలో, ఒకే కాలేజీలో చదివారు. స్నేహితుడింటికి వెళ్లి అరిసెలు తిని, ఆ మాట ఇంట్లో చెప్పకుండా దాచిన కుర్రవాళ్లు చాలామంది. అలా చాటుగా కొంత దూరం జరిగింది.

ఆ తర్వాత కేకు వచ్చింది. మొదట్లో పట్నం చూసొచ్చినవారు ఇంట్లోనే గిన్నెలో ఇసుక పోసి, పైన మూత పెట్టి చేసేవారు. పిమ్మట మండల కేంద్రాల్లో బేకరీలు వెలిశాయి. ప్లమ్ కేకు, క్రీము కేకు, అట్టపెట్టె, దానికి ఎర్ర రిబ్బను. పండుగ నాటి ఉదయం ఆరాధన కాగానే మోటారు సైకిలు మీద ఈ పెట్టెలు ఊళ్లోకి బయలుదేరుతున్నాయి. అరుగు దగ్గర ఆగడం లేదు. హాల్లోకి వెళ్లి సోఫా మీద కూర్చుని ఇస్తున్నారు. ఇంటివారు అప్పటికప్పుడే కోసి తింటున్నారు, ఫొటో కూడా తీసుకుంటున్నారు.

సంతోషించదగిందే. అయితే ఈ కేకు ఎవరి పొయ్యి మీద అయిందో పెట్టె చెప్పదు. బేకరీది గనుక అందరికీ చెల్లుతున్నది. చేతి వంట దాటలేని గడపను అంగడి సరుకు దాటిందంటే, తగ్గింది పట్టింపా, లేక పట్టింపుకు పని లేకుండా పోయిందా అన్న అనుమానం మిగులుతున్నది. పేటల్లోని పెద్దవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. "కేకు తిన్నారు సరే, మన అరిసె తిన్నారా?" అని వాళ్లు అడిగేది అందుకే.

దీన్ని కనిపెట్టడానికి పల్లెల్లో ఒక గుర్తు ఉంది. ఒకరింటి నుంచి వచ్చిన గిన్నెను వట్టిది తిరిగి పంపరు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి ఇస్తారు. ఆకులో చుట్టి ఇచ్చిన రోజుల్లో తిరిగి రావడానికి గిన్నె లేదు. అట్టపెట్టె కూడా అంతే, తిన్నాక పారేసేదే. ఇప్పుడు కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు కేకు ముక్కల పక్కనే నాలుగు ఇంటి అరిసెలు, గుప్పెడు జంతికలు సర్ది స్టీలు పళ్లెంలో పంపుతున్నారు, పైన తెల్లగుడ్డ కప్పి. మూడు వారాల తర్వాత సంక్రాంతి నాడు ఆ పళ్లెం చక్రపొంగలితోనో, బొబ్బట్లతోనో తిరిగి పేటకు వస్తున్నది.

ఇంకా తిరిగి రాని పళ్లేలు కూడా ఉన్నాయి.