రేకుల షెడ్డు కింద వెండి పొర

1892లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శాస్త్రవేత్త జేమ్స్ డ్యూయర్‌కు ద్రవ ఆక్సిజన్‌ను నిలవ ఉంచడమే పెద్ద సమస్య అయింది. సున్నాకు దిగువన 183 డిగ్రీల దగ్గరే మరిగిపోయే ద్రవం అది. ఆయన ఒక గాజు పాత్రలో ఇంకొకటి ఇమిడ్చి, రెంటి మధ్య గాలిని తోడేశాడు. అయినా వేడి చేరుతూనే ఉంది. శూన్యాన్ని కూడా దాటగల వికిరణం అది. గాజుకు వెండి పూత పూస్తే గాని దానికి అడ్డుకట్ట పడలేదు. మన కాఫీ ఫ్లాస్కు పుట్టింది అలాగే. కోళ్ల షెడ్ల పైకప్పు కింద ఇప్పుడు కడుతున్న మెరిసే షీటుదీ అదే వంశం.

వెండి ఖరీదైనది. 1920లలో జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ ష్మిట్ ఆ పనికి పల్చటి అల్యూమినియం ఫాయిల్‌ను ముందుకు తెచ్చాడు. ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం పూయడం తర్వాత వచ్చింది. 1973లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ప్రయోగ సమయంలోనే దాని రక్షణ కవచం ఊడిపోయి, లోపల ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటింది. వ్యోమగాములు వెళ్లి, అల్యూమినియం పూత ఉన్న పెద్ద గొడుగును బయట విప్పాకే అది నివాసయోగ్యమైంది.

ఇక మన షెడ్డు సంగతి. ఎండాకాలం మధ్యాహ్నం పాతబడ్డ రేకు 65 డిగ్రీలకు చేరిందనుకుందాం. లోపలి నేల, పశువులు 38 డిగ్రీల దగ్గర ఉంటే, ఇచ్చిపుచ్చుకోలు పోగా చదరపు మీటరుకు దాదాపు 190 వాట్ల వేడి కిందికి దిగుతుంది. తుప్పుపట్టిన రేకు ఆ వేడి దగ్గర ఏ వస్తువైనా పంపగల గరిష్ఠ వికిరణంలో 90 శాతం దాకా పంపేస్తుంది. శుభ్రమైన అల్యూమినియం పంపేది సుమారు 5 శాతమే. అందుకే ఫాయిల్ కూడా రేకుతో సమానంగా కాగినా, దాని నుంచి కిందికి దిగేది 10 వాట్ల చిల్లర. ఈ సాధనంలో నన్ను అబ్బురపరిచేది ఇదే: మెరుపు వేడిని తిప్పికొట్టడమే కాదు, తన వేడిని తనలోనే పట్టి ఉంచుతుంది. కాబట్టి మెరిసే ముఖం ఎండవైపే ఉండాలన్న నియమమేమీ లేదు. నిజానికి కిందికి తిప్పితేనే మేలు. పైకి చూసే ముఖం మీద దుమ్ము పేరుకుంటుంది, దుమ్ము కమ్మిన అల్యూమినియం మామూలు రేకుతో సమానం.

ఈ లెక్క నిలవాలంటే మెరిసే ముఖం ఎదుట గాలి ఉండాలి. రేకుకు అతుక్కున్న ముఖం వృథా. కింద ఇంకో పలక ఆనించి బిగిస్తే రెండో ముఖమూ పోతుంది, వేడి నేరుగా పాకుతుంది. రేకుకూ షీటుకూ మధ్య కనీసం 20, 25 మిల్లీమీటర్ల సందు వదలాలి. ఫాయిల్ అంటించిన 4 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బుడగల షీటు మందపాటి థర్మోకోల్‌కు సమానమని అమ్మేవాళ్లు చెబితే, ఆ అంకె సందుతో కలిపి చెప్పినదా, షీటుకు మాత్రమేనా అని అడగండి. బుడగలు అడ్డుకునేది కొంచెమే. ఏసీ పెట్టే గదికి, కోల్డ్ స్టోరేజీకి మందమైన ఇన్సులేషన్ తప్పదు.

వేసవి బాధ ఒక్కటే అయితే ముందు పైన తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయడం నయం, ఎండ అక్కడే వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ప్రోత్సహించేదీ ఇలాంటి కప్పులనే. ఫాయిల్ దాని తర్వాతి మాట.

శీతాకాలపు రాత్రి ఇంకో చిక్కు ఉంది. నిర్మలాకాశం కింద రేకు చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది, పశువుల ఊపిరిలోని తేమ దానికి తగిలి నీరై కారుతుంది. షీట్ల అతుకులను అల్యూమినియం టేపుతో మూస్తే ఆ తేమ రేకుదాకా చేరదు. లోపలి తేమ పోవడానికి చూరు దగ్గర, కప్పు నడికొప్పున గాలి దారులు మాత్రం వదలాలి.

ఫాయిల్‌లో కరెంటు పారుతుంది కనుక వైర్లను దానికి దూరంగా, పైపుల్లో నడిపించాలి. వెల్డింగు చేసే షెడ్డులో ప్లాస్టిక్ బుడగల షీటు అసలే వద్దు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. అక్కడ ఫాయిల్ అతికించిన గాజుఊలు వాడాలి.