దాశు పెట్టెలో ఏముంది?

పాగ్లా దాశు, అంటే పిచ్చి దాశు, బడికి ఒక పెట్టె తెస్తాడు. అందులో ఏముందో ఎవరికీ చెప్పడు. తోటి పిల్లలకు ఇక అదే ధ్యాస. ఒకరోజు వీలు చూసుకుని తెరుస్తారు. పొర విప్పితే మరో పొర, చివరికి ఒక కాగితం. ఒకవైపు పచ్చి అరటికాయ తినమని రాసి ఉంటుంది. బెంగాలీలో అది మన ‘గాడిదగుడ్డు’ లాంటి వెక్కిరింపు. రెండోవైపు, ఆరాటం మరీ ఎక్కువైతే మంచిది కాదన్న హితవు!

కలకత్తాలో సుకుమార్ రాయ్ రాసిన బడి కథల్లో ఇదొకటి. మనకు కొంత తెలిసి, మిగతాది తెలియనప్పుడే కుతూహలం రేగుతుందని అమెరికా పరిశోధకుడు జార్జ్ లోవెన్‌స్టీన్ 1994లో వివరించారు. పెట్టె కనిపిస్తోంది, లోపలిది కనిపించదు. దాశు చేసింది అల్లరే కానీ, చక్కటి ప్రయోగం కూడా.

సుకుమార్ ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చదివారు. 1911లో ముద్రణ సాంకేతికత నేర్చుకోవడానికి ఇంగ్లండ్ వెళ్లారు. అది ఇంటి విద్యే. తండ్రి ఉపేంద్రకిశోర్ హాఫ్‌టోన్ ముద్రణపై పరిశోధించి, పెన్‌రోజ్ వార్షిక సంచికల్లో వ్యాసాలు రాశారు. ముద్రణ యంత్రానికి సిరా అంటించడం, అంటించకపోవడం తప్ప మూడోది తెలియదు. మరి బూడిద ఛాయ ఎలా? సన్నని గీతల గాజు తెర గుండా ఫోటో తీస్తే బొమ్మ చుక్కలుగా విడిపోతుంది. నీడ ఉన్నచోట పెద్ద చుక్కలు, వెలుగున్నచోట చిన్నవి. దూరం నుంచి చూస్తే కన్ను వాటిని కలిపేసుకుంటుంది. కలంతో గీసిన బొమ్మకు ఇంత తతంగం అక్కర్లేదు. ఫోటోలకు, రంగుల బొమ్మలకు తప్పదు. ఉపేంద్రకిశోర్ 1913లో స్థాపించిన పిల్లల పత్రిక ‘సందేశ్’కు ఈ శాస్త్రం అండ. తండ్రి తర్వాత సుకుమారే దాన్ని నడిపారు. రాతా గీతా రెండూ ఆయనవే.

1921లో కాలా అజార్ పట్టుకుంది. ఇసుక దోమ కుట్టడం వల్ల సోకే పరాన్నజీవి జబ్బు అది. అదే నగరంలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి దానికి యూరియా స్టిబమైన్ అనే మందు కనిపెట్టి, 1922లో ఫలితాలు ప్రకటించారు. అయినా 1923 సెప్టెంబరు 10న సుకుమార్ కన్నుమూశారు. వయసు 35. కొడుకు సత్యజిత్‌కు రెండేళ్లు. మంచంలో ఉండే తీర్చిదిద్దిన ‘అబోల్ తాబోల్’ తొమ్మిది రోజుల తర్వాత వెలువడింది. ‘పాగ్లా దాశు’ పుస్తకంగా వచ్చేసరికి 1940 అయింది.