ట్రినిడాడ్ చమురు – అనుమతి వెనుక లెక్క

వెనిజులా తీరమునకు చేరువనున్న ట్రినిడాడ్–టొబాగో చిన్న ద్వీపరాజ్యము. అచ్చట 1908 నుండియు చమురును వ్యాపారార్థము తీయుచున్నారు. 1962లో స్వాతంత్ర్యము వచ్చినది. 1969 నాటి పెట్రోలియం చట్టము ననుసరించి ప్రభుత్వానుమతి లేక ఎవరును అన్వేషణకు పూనుకొనరాదు.

ఇంధన మంత్రిత్వశాఖ సముద్రప్రాంతమును గళ్లుగా విభజించి, కంపెనీలను పోటీకి పిలుచును. సొమ్మెంత యిత్తురన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఎన్ని బావులు త్రవ్వుదురో కూడ ముందే ఒప్పుకొనవలెను. బావి వట్టిదైనచో నష్టము కంపెనీదే. చిన్న దేశమున కిది పెద్ద ఊరట.

చమురు పడినచో? ఉత్పత్తి పంపక ఒప్పందమున కంపెనీ మొదట తన ఖర్చును, నిర్ణీత పరిమితికి లోబడి, ఆ చమురునుండియే రాబట్టుకొనును. మిగిలినది ప్రభుత్వముతో పంచుకొనును. ఖర్చు పెరిగినకొలది ప్రజల వాటా తరుగును. అందుచేత కంపెనీ చూపు ఖాతాలను తరచి చూచుటయే, నా యెన్నికలో, బావి త్రవ్వుటకంటె కష్టమైన పని. ప్రభుత్వమునకు అంచనాకు మించి వచ్చిన పెట్రోలియం ఆదాయములో కొంతభాగము, 2007లో చట్టముచే ఏర్పడిన వారసత్వ, స్థిరీకరణ నిధికి చేరును.