శుక్రవారం సంతలో నాయన గొంతు

కువైట్‌లో ఉండే మనోళ్లకు 'సూక్ అల్ జుమ్మా' గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సూక్ అంటే బజారు, జుమ్మా అంటే శుక్రవారం. మన ఊళ్లలో వారం సంత ఎట్లనో ఇదీ అట్లే. అల్ రాయ్‌లో పెద్ద షెడ్ల కింద వారం చివర్లో జరుగుతుంది. పాత బట్టలు, మంచాలు, తివాచీలు, ఫ్యాన్లు... దొరకని వస్తువంటూ ఉండదు. కొత్తగా వచ్చిన మన పిల్లలు చాలామంది రూముకు కావాల్సిన సామాను ఇక్కడే కొనుక్కుంటారు. నేను మాత్రం నేరుగా పాతకాలం వస్తువుల వరసకు పోతాను.

అక్కడ కాఫీ పోసే ఇత్తడి దల్లాలు, వాల్వు రేడియోలు, సద్దాం బొమ్మ ఉన్న ఇరాక్ నోట్లు కనిపిస్తాయి. ఇత్తడి మేకులతో ముగ్గులు వేసినట్టుండే టేకు పెట్టెలుంటాయి. వెనకటి రోజుల్లో ఇక్కడి పెళ్లికూతుళ్ల బట్టలు, నగలు పెట్టుకునే ఇట్లాంటి పెట్టెలు మన దేశం నుంచే ఓడల్లో వచ్చేవి. ఇంకో ముచ్చట. 1961లో దినారు వచ్చేదాకా కువైట్‌లో చెల్లింది మన రూపాయే! గల్ఫ్ దేశాల కోసమే 1959లో మనవాళ్లు వేరే రంగుల్లో నోట్లు అచ్చేశారు. ఈ సంగతి చెబితే మా రూములో ఒక్కడూ నమ్మలేదు.

నేను అక్కడ వెతికేది టేప్‌రికార్డరు. మా నాయన కూడా కువైట్‌లో పనిచేసినవాడే. ఆ రోజుల్లో ఫోన్లు యాడియి? ఉత్తరం రాయడం రానోళ్లు క్యాసెట్లో మాట్లాడి, ఊరికి పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు నాయన సామానంతా రూములోనే వదిలేసి, అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానంలో ఇల్లు చేరినాడు. ఇప్పుడు ఆయన లేడు. ఆయన పంపిన క్యాసెట్లు అమ్మ దగ్గర ఉన్నాయి గానీ, వినడానికి మిషను లేదు. పోయిన సెలవుకు వెళ్లినప్పుడు ఒక క్యాసెట్ వెంట తెచ్చుకున్నాను.

మొన్న ఒక బంగ్లాదేశీ భాయ్ దగ్గర టూ ఇన్ వన్ కనబడింది. ఎనిమిది దినార్లన్నాడు, ఐదుకు తెగింది. ముందు అతని పాత క్యాసెట్ వేసి చూశాం. టేపు నమలడం లేదని నమ్మకం కుదిరినాకే నాది వేశాను. కాసేపు గరగర. తర్వాత, "పిల్లోడు నడస్తాండాడా?" అని నాయన గొంతు. ఆ పిల్లోడు నేనే. సైటులో నలభై మందిని అదిలించే నాకు అక్కడ నోట మాట రాలేదు. భాయ్ ఏమీ అడగలేదు, స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

మీరూ పోతే నాలుగు జాగ్రత్తలు. కరెంటు వస్తువైతే అక్కడే పెట్టి చూడండి. టేప్‌రికార్డరులో రబ్బరు బెల్టు సాగిందేమో మూత తీయించి చూడండి. చెప్పిన ధరకు ఒప్పుకోవద్దు. బిల్లు లేని సెల్‌ఫోన్ జోలికి పోవద్దు, దొంగ సొత్తయితే కేసు మన మెడకు చుట్టుకుంటుంది. ఏనుగు దంతం వస్తువులు అసలే వద్దు, విమానాశ్రయంలో పట్టుబడతారు.

ఆ రాత్రి ఫోన్లోనే అమ్మకు క్యాసెట్ వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఎవురి చేతికీ ఇచ్చి పంపొద్దు నాయనా, నువ్వే తీసుకోని రా" అంది చివరికి. పొద్దున్నే సెలవు కాగితం పెట్టేశాను.