అడవి నిప్పుకు ఊరే అడ్డు

సత్తుపల్లి ఓపెన్‌కాస్టు గనుల్లో సింగరేణి తవ్వి తీస్తున్న బొగ్గు ఒకనాడు చిత్తడి నేలల్లో పేరుకుపోయిన చెట్టూ చేమే. కాలిపోకుండా నీటి అడుగున మిగిలింది గనుకే పాతిక కోట్ల ఏళ్లు దాటాక మన చేతికొచ్చింది. బొగ్గుకు తొలిరూపమైన అలాంటి పీట్ నేలలు ఇండోనేషియాలో నేటికీ ఉన్నాయి. తోటల కోసం కాలువలు తవ్వి నీరు తీసేయడంతో అవి ఎండిపోయాయి. 2015లో అక్కడ అడవులూ పీట్ నేలలూ కలిపి దాదాపు 26 లక్షల హెక్టార్లు కాలాయి. పీట్‌లో నిప్పు నేల లోపలికి దిగి వారాల తరబడి రగులుతుంది, పైన నీళ్లు చల్లితే ఆరేది కాదు. అందుకే మరుసటి ఏడాది ఆ దేశం పీట్ పునరుద్ధరణకు ప్రత్యేక సంస్థను పెట్టి, కాలువలకు కట్టలు వేసే పనిలో ఊళ్లవాళ్లనూ కలుపుకుంది.

సత్తుపల్లి నుంచి భద్రాచలం వైపు సాగే మన అడవిది పీట్ నేల కాదు, ఇది ఆకురాల్చే అడవి. ఇక్కడి మంట నేలమీది ఎండుటాకుల వెంట పాకుతుంది. పెద్ద టేకు తట్టుకుంటుంది, నిరుడు మొలిచిన మొక్క తట్టుకోలేదు. ఏటా కాలే చోట పాత చెట్లే ఉంటాయి, వాటి తర్వాత నిలబడే చెట్లు ఉండవు. నాకు అన్నిటికన్నా పెద్ద నష్టంగా కనిపించేది ఇదే. ఉపగ్రహం మంటను పసిగడితే అటవీ సిబ్బంది ఫోనుకు సందేశం వస్తుంది, మంచిదే. కానీ ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే పైనుంచి పోతుంది. పొగ మొదట కనబడేది పక్క గూడేనికి. పచ్చి కొమ్మతో కొట్టి ఆర్పగలిగే సమయమూ అదే.

నిప్పు పెట్టేది ఆ గూడెంవాళ్లే కదా అని అడిగేవారున్నారు. కొంత నిజమే. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టుకింద ఆకు తగలబెడతారు, తునికి లేతాకు వస్తుందనీ పెడతారు. దారినపోయేవారి బీడీ ముక్కలూ ఉన్నాయి. అయితే ఇప్పచెట్టు కింద ఆకు ఊడ్చినా, పాత చీర పరిచినా పువ్వు ఏరవచ్చు. తునికి పొదను కొట్టినా లేతాకు వస్తుంది. కొట్టడానికి కూలి కావాలి, అగ్గిపుల్లకు అక్కర్లేదు. తేడా అంతా అక్కడే ఉంది. కారణం తెలిసినవారే మార్గమూ చెప్పగలరు.

ఉమ్మడి రాష్ట్రంలో 1992లో వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. 2002లో ప్రపంచ బ్యాంకు రుణంతో సాముదాయిక అటవీ యాజమాన్యం వచ్చింది. ఆ డబ్బు ఆగాక చాలా సమితులు పేరుకే మిగిలాయి. జనానికి అడవి పట్టదనడానికి ఇది రుజువని కొందరంటారు. నేనలా అనుకోను. కాపలా పని ఊరికిచ్చి నిర్ణయం ఆఫీసులోనే ఉంచుకుంటే, కూలి ఆగిన నాడు కాపలా ఆగుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడుకునే హక్కును గ్రామసభకే ఇచ్చింది. హక్కులిస్తే పోడు పెరుగుతుందన్న భయం ఉట్టిది కాదు. కానీ సాగు పట్టా వేరు, సామూహిక హక్కు వేరు. తునికాకూ ఇప్పపువ్వూ తమవైన అడవిని నరికితే నష్టపోయేది ఆ ఊరే.

సంక్రాంతి దాటితే ఆకు రాలుతుంది. ఆలోపే అటవీశాఖ గ్రామసభలను పిలవాలి, మంట దాటకుండా ఫైర్‌లైన్లు ఎక్కడ తీయాలో కోయ పెద్దలను అడగాలి, ఆ పనికి కూలి ముందే మంజూరు చేయాలి.