నీటి అడుగున తీసిన వీడియోకు ఇంటి ఎడిటింగ్: ఏ కంప్యూటర్, ఏ సాఫ్ట్‌వేర్?

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనో, కర్ణాటక తీరంలో మురుడేశ్వర్‌కు ఎదురుగా ఉన్న నేత్రాణి దీవి వద్దనో, విశాఖపట్నం రుషికొండలోనో స్కూబా డైవింగ్ చేసి కెమెరాతో ఇంటికి చేరినవారిలో చాలామందికి ఒకే రకం నిరాశ ఎదురవుతుంది. కళ్లారా చూసిన చేపలు, పగడాలు తెరపై నీలి, ఆకుపచ్చ పొగలో మునిగినట్టు కనిపిస్తాయి. కంప్యూటర్ శక్తి చాలడం లేదని భావించి కొందరు లక్ష రూపాయలకు పైగా వెచ్చించి గేమింగ్ కంప్యూటర్ కొంటారు. వీడియో ఆగకుండా నడుస్తుంది కానీ రంగు తిరిగి రాదు. లోపం కంప్యూటర్‌లో కాక, అధిక సందర్భాల్లో ఫైలులోనే ఉంటుంది. అందుకే ఎడిటింగ్ పరికరాల ఎంపికను కెమెరా ఏమి నమోదు చేసిందన్న దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

నీరు కాంతిలోని రంగులన్నింటినీ సమానంగా పీల్చుకోదు. ముందుగా పోయేది ఎరుపు. స్వచ్ఛమైన నీటిలో సైతం 10 మీటర్ల లోతుకు చేరే ముదురు ఎరుపు కాంతి నూటికి ఐదు పాళ్లకు లోపే. ఆ తర్వాత నారింజ, పసుపు రంగులు క్షీణిస్తాయి. మనిషి మెదడు ఈ లోటును కొంతవరకు సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోదు. పైగా లెక్కలోకి వచ్చేది లోతు ఒక్కటే కాదు. వస్తువు నుంచి కెమెరా వరకు కాంతి ప్రయాణించే దూరం కూడా దానికి తోడవుతుంది. అందువల్ల ఒకే దృశ్యంలో దగ్గరి చేపకు సరిపోయిన రంగు సవరణ దాని వెనుక ఉన్న బండకు సరిపోదు. దూరాన్ని కూడా లెక్కగట్టి నీటి ప్రభావాన్ని తొలగించే ‘సీ-థ్రూ’ అనే పద్ధతిని దెర్యా అక్కాయ్‌నాక్, తాలి ట్రైబిట్జ్ 2019లో ప్రకటించారు. ఇంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలోని సాధారణ రంగు మీటలకు ఈ దూరం సంగతి తెలియదు.

ఇక్కడే ‘బిట్’ల విషయం ముఖ్యమవుతుంది. 8 బిట్ వీడియోలో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటాయి, 10 బిట్‌లో 1,024. లోతులో తీసిన 8 బిట్ దృశ్యంలో ఎరుపు అంతా అడుగున ఉన్న ఇరవై మెట్లలోనే ఇరుక్కుపోయిందనుకుందాం. ఎడిటింగ్‌లో దాన్ని రెండు వందల మెట్లకు సాగదీస్తే మధ్యలో ఖాళీలు ఏర్పడి, నీటి నేపథ్యంలో చారలు తేలుతాయి. ఎరుపుతో పాటు అందులోని రేణువుల వంటి నాయిస్ కూడా పదింతలవుతుంది. అదే 10 బిట్ అయితే సాగదీయడానికి నాలుగు రెట్ల మెట్లు అందుబాటులో ఉంటాయి. యాక్షన్ కెమెరాల్లో 2022లో వచ్చిన గోప్రో హీరో 11 బ్లాక్ నుంచే 10 బిట్ రికార్డింగ్ సదుపాయం ఉన్నా, సెట్టింగుల్లో దాన్ని ఎంచుకోకుండానే నీటిలోకి దిగేవారు ఎక్కువ.

అసలు ఎరుపే చేరని చోట బిట్లు కూడా ఏమీ చేయలేవు. తక్కువ లోతులో ఎర్రటి ఫిల్టర్, ఇంకా లోతుకు వెళ్తే వీడియో లైటు, రెండు సందర్భాల్లోనూ తెల్లని పలకను చూపించి లోతు మారినప్పుడల్లా వైట్ బ్యాలెన్స్‌ను సరిచేసుకోవడం దీనికి మార్గాలు. లైటు, ఎర్ర ఫిల్టర్ కలిపి వాడితే దగ్గరి వస్తువులు మరీ ఎర్రబడతాయి. లైటును కెమెరాకు ఆనించి కాకుండా పక్కకు జరిపి పెట్టాలి. లేకుంటే నీటిలోని ధూళి కణాలు మంచు కురిసినట్టు మెరుస్తాయి. ఆ మెరుపులను తరువాత తుడిచివేయడం దాదాపు అసాధ్యం. మొత్తం బడ్జెట్ పరిమితమైనప్పుడు కంప్యూటర్‌పై కొంత తగ్గించి ఆ సొమ్ముతో మంచి లైటు కొనడమే తెలివైన ఖర్చు.

కంప్యూటర్‌లో చూడవలసింది

కెమెరాలు స్థలం ఆదా చేయడానికి వీడియోను హెచ్.264, హెచ్.265 పద్ధతుల్లో కుదించి భద్రపరుస్తాయి. వీటిలో ప్రతి ఫ్రేమూ పూర్తి చిత్రం కాదు. ముందూ వెనుకా ఉన్న ఫ్రేములతో పోల్చి తేడాలను మాత్రమే రాసుకుంటాయి. టైమ్‌లైన్‌పై ఒక్క అడుగు వెనక్కి జరిగినా కంప్యూటర్ ఈ లెక్కంతా విప్పుకోవాలి. ఆ పనికి ప్రత్యేకమైన డీకోడింగ్ విభాగం చిప్‌లో ఉంటే సాఫీగా సాగుతుంది, లేకపోతే ఎంత వేగవంతమైన ప్రాసెసరైనా తడబడుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ విభాగం పేరు క్విక్ సింక్. ఇది అంతర్గత గ్రాఫిక్స్‌తో ముడిపడి ఉంటుంది. పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉన్న ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అంతర్గత గ్రాఫిక్స్ పనిచేయదు కనుక క్విక్ సింక్ కూడా ఉండదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లోనో కంప్యూటర్‌ను అసెంబుల్ చేయించుకునేవారు ధర తక్కువని ఈ ‘ఎఫ్’ రకానికి మొగ్గే ముందు ఆలోచించాలి. ఆటలు ఆడుకునేవారికి అది మంచి బేరమే. ఎడిటింగ్ చేసేవారికి కాదు.

యాక్షన్ కెమెరాల 4:2:0 ఫైళ్లను ఇటీవలి గ్రాఫిక్స్ కార్డులన్నీ సులువుగా విప్పుతాయి. హౌసింగ్‌లో పెట్టి వాడే మిర్రర్‌లెస్ కెమెరాల సంగతి వేరు. వాటిలో చాలా వరకు రంగు సమాచారం అధికంగా ఉండే 4:2:2, 10 బిట్ ఫైళ్లను ఇస్తాయి. హెచ్.265లో ఉన్న ఈ రకాన్ని ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 40 శ్రేణి వరకు వచ్చిన కార్డులు స్వయంగా విప్పలేవు. 2025లో వచ్చిన 50 శ్రేణితోనే ఆ వసతి కలిగింది. ఇంటెల్ 11వ తరం తర్వాతి క్విక్ సింక్, ఆపిల్ ఎం శ్రేణి చిప్‌లు మాత్రం ఈ పని చేయగలవు. అందుకే ఒక్కోసారి ఖరీదైన గేమింగ్ డెస్క్‌టాప్ ఆగి ఆగి నడిచే చోట సాధారణ ల్యాప్‌టాప్ సాఫీగా నడుస్తుంది.

4కే ఎడిటింగ్‌కు 16 జీబీ ర్యామ్ కనీసం, 32 జీబీ ఉంటే ఊపిరి సలుపుతుంది. రంగు సవరణ, నాయిస్ తగ్గింపు భారం గ్రాఫిక్స్ మీద పడుతుంది కాబట్టి విడి కార్డు తీసుకుంటే 8 జీబీ మెమరీ ఉన్నది మేలు. పాత కంప్యూటర్‌తోనే నెట్టుకురాదలచినవారికి ప్రాక్సీ అనే ఉపాయం ఉంది. చిన్న ఫైళ్లపై కూర్పు చేసి, చివరికి అసలు ఫైళ్లతో వీడియోను తయారు చేస్తారు. గోప్రో ప్రతి వీడియోతో పాటు ఎల్ఆర్‌వీ అనే చిన్న ఫైలును తానే తయారు చేస్తుంది. పనికిరానిదనుకొని చాలామంది తొలగించే ఈ ఫైలును ప్రాక్సీగా వాడుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ విషయంలో ప్రారంభకులకు డావిన్చీ రిజాల్వ్ ఉచిత సంచిక సరైన తొలి అడుగు. దాని రంగు సవరణ విభాగం సినిమా పరిశ్రమలో వాడేదే. అందులోని ఆర్‌జీబీ పరేడ్ అనే గ్రాఫ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా కనిపిస్తాయి. ఎరుపు గీత నేలకు అంటుకుని ఉంటే ఆ షాట్‌పై సమయం వృథా చేయనక్కరలేదని ఒక్క చూపుతో తెలిసిపోతుంది. కొద్దిగా పైకి లేచి ఉంటే చానెల్ మిక్సర్ ద్వారా ఆకుపచ్చ నుంచి కొంత వివరాన్ని ఎరుపుకు అప్పుగా ఇవ్వవచ్చు. అయితే నీటి అడుగు దృశ్యాలకు ఎంతో అవసరమైన నాయిస్ తగ్గింపు సాధనం చెల్లింపు సంచిక అయిన స్టూడియోలోనే ఉంది. దానికి నెలనెలా చందా కట్టే పని లేదు, ఒకసారి కొంటే చాలు. అడోబీ ప్రీమియర్‌కు చందా తప్పదు. ఫైనల్ కట్ ప్రో ఆపిల్ పరికరాలకే పరిమితం. కేడెన్‌లైవ్, షాట్‌కట్ పూర్తిగా ఉచితం, కుటుంబ వీడియోలకు సరిపోతాయి. ఏది ఎంచుకున్నా, సొంత కెమెరా ఫైలును అందులో తెరిచి చూశాకే డబ్బు చెల్లించడం మంచిది.

మానిటర్ గురించి ఎవరూ పెద్దగా అడగరు. చౌక ల్యాప్‌టాప్‌ల వివరాల్లో తరచూ ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటుంది. వీడియోలకు ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో అది అరవై శాతానికి కాస్త పైగా మాత్రమే చూపగలదు. తెర చూపించని ఎరుపును సవరించేవారు మోతాదు మించి పెంచుతారు, ఆ వీడియో ఫోన్‌లో చూస్తే చేపలు కుంకుమ పూసుకున్నట్టుంటాయి. ఎస్‌ఆర్‌జీబీని దాదాపు పూర్తిగా చూపే ఐపీఎస్ మానిటర్ అవసరం. రాత్రివేళ పనిచేసేవారు విండోస్‌లోని నైట్ లైట్‌ను ఆపివేయడం మరవరాదు. అది తెరను ఎర్రగా మార్చి మొత్తం అంచనాను తలకిందులు చేస్తుంది.

నిల్వ లెక్క తేలిక. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో తీసిన వీడియో గంటకు 45 జీబీ అవుతుంది. ఆరు డైవ్‌లలో నలభై నిమిషాల చొప్పున తీస్తే 180 జీబీ. ఎడిటింగ్‌కు ఎస్‌ఎస్‌డీ, భద్రతకు వేర్వేరు చోట్ల ఉంచిన మరో రెండు ప్రతులు కావాలి. వర్షాకాలంలో నేత్రాణి వద్ద డైవింగ్ ఆగిపోతుంది. పోయిన దృశ్యం కోసం మళ్లీ వెళ్లాలంటే నెలల తరబడి ఆగవలసిందే. కార్డును ఖాళీ చేసే ముందు రెండు ప్రతులూ తెరుచుకుంటున్నాయో లేదో సరిచూసుకోవాలి.

ఈ వీడియోలకు జ్ఞాపకాలకు మించిన విలువ కూడా ఉంది. సముద్ర వడగాలుల కారణంగా లక్షద్వీప్‌లో పగడాలు తీవ్రంగా తెల్లబడ్డాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2024లో వెల్లడించింది. ఏ దిబ్బ ఎప్పుడు పాలిపోయిందో చెప్పడానికి పర్యాటకులు తీసిన పాత దృశ్యాలు ఉపయోగపడవచ్చు. కానీ ఎరుపును ఇష్టానుసారం పెంచిన వీడియోలో పాలిపోయిన పగడం ఆరోగ్యంగానూ, కాంట్రాస్ట్ మితిమీరితే ఆరోగ్యకరమైనది తెల్లగానూ కనిపించే ప్రమాదం ఉంది. అందువల్ల డైవ్ మొదట్లోనే బూడిదరంగు కార్డును పగడం పక్కన కొన్ని సెకన్లు చూపించి, ఏ మార్పూ చేయని అసలు ఫైలును తేదీ, స్థలం, లోతు వివరాలతో విడిగా భద్రపరచాలి. సవరించిన ప్రతిని మాత్రమే ఉంచుకొని అసలును తొలగిస్తే, ఆ దిబ్బ నిజంగా ఏ రంగులో ఉండేదో తేల్చుకునే ఆధారం మిగలదు.