చదువుటలో వెనుకబడిన బాలబాలికలకు తోడ్పడుట యెట్లు?

అయిదవ తరగతి వరకు పిల్లలు చదువుట నేర్చుకొందురు. ఆరవ తరగతి నుండి చదివి నేర్చుకొందురు. మాటలలో ఈ భేదము స్వల్పముగా తోచినను పిల్లల పాలిట అది చాల పెద్దది. చరిత్రయు, భూగోళమును, విజ్ఞానశాస్త్రమును అన్నియు పుస్తకము ద్వారముననే రావలయును. చదువుట కుంటుపడిన బాలుడు ఒక్క తెలుగునందే గాక అన్ని పాఠములందును వెనుకబడును. కొంతకాలమునకు తాను మందబుద్ధినని తానే నమ్మును. బడి మానుటకు అదియే తొలిమెట్టు.

కొరాపుట్, రాయగడ ప్రాంతములలోని మన కుటుంబములకు ఈ విషయము మరింత ముఖ్యమైనది. ఇక్కడి పిల్లవాడు ఇంటిలో తెలుగును, సంతలో ఒడియానో దేశియానో, ఇరుగుపొరుగుల నోట కువి, సవర భాషలను వినుచు పెరుగును. బడిలో రెండు మూడు లిపులు నేర్వవలసియుండును. తెలుగు అక్షరములు బడిలో కనబడినంతగా వీధిలో కనబడవు. కావున అతని తప్పులను సోమరితనమని కొట్టివేయరాదు. రోగము తెలిసిన పిమ్మటనే గదా మందు! చదువులోని చిక్కులు ముఖ్యముగా మూడు తావుల నుండును.

మొదటిది లిపి. మ, య, ప, వ, స, న అను అక్షరములు ఒకదానినొకటి పోలియుండి పిల్లలను తికమక పెట్టును. ఒత్తులు అంతకంటె కష్టము. ‘శక్తి’ యను మాట చూడుడు. గుడి కకారము మీద నున్నది. తకారపు ఒత్తు క్రింద నున్నది. పలుకునపుడు మాత్రము ఇకారము తకారము తరువాత వచ్చును. కంటికి కనబడు వరుస యొకటి, చెవికి వినబడు వరుస మరియొకటి. త, న, మ, య, ర, ల ఒత్తులైతే తమ మూలాక్షరములను పోలనే పోలవు. ఇది చాలక, ఒడియా లిపిలో ‘ధర్మ’ యను మాటయందలి రకారము రేఫముగా మకారము పైకెక్కును. నేటి తెలుగు వ్రాతలో మకారమే ఒత్తుగా రకారము క్రిందికి దిగును. ఈ భేదములను విప్పి చెప్పినచో పిల్లలు సులభముగా గ్రహింతురు. దినమునకు ఒక ఒత్తు చాలును. ఆ ఒత్తు గల అయిదారు మాటలను నాటి పాఠము నుండియే యేరి, శక్–తి, ధర్–మ అని విడదీసి పలికించి, వ్రాయించి, మరల చదివింపవలయును.

రెండవది ధార. కన్ను అక్షరములతో పెనుగులాడునంత సేపు మనస్సునకు అర్థమును పట్టుకొను తీరిక దొరకదు. అమెరికా దేశపు విద్యావేత్త ఎస్. జే. శామ్యూల్స్ 1979లో ప్రకటించిన వ్యాసములో ఇందుకు సులభోపాయము వివరించెను. చిన్న భాగమునే, తడబాటు తగ్గు వరకు, పలుమారులు చదివించుటయే ఆ ఉపాయము. ముందు ఉపాధ్యాయుడు చదివి వినిపింపవలయును. పిమ్మట విద్యార్థి యొక స్నేహితునితో కూడి చదువవలయును. మరునాడు తిరిగి అదియే చదువవలయును. దీర్ఘపదములను విద్య + అర్థి, దేవ + ఆలయము అని విడదీసి చూపవలయును. తడబడు పిల్లవానిని సిద్ధపడనీయక తరగతి యెదుట నిలిపి చదివించుట మాత్రము కూడదు. తోటివారి నవ్వు ఒక్కమారు చెవిని పడినచో అతడు నోరు విప్పుటయే మానును.

మూడవది అర్థము. కొందరు గడగడ చదువుదురు. ఏమి చదివితివని యడిగిన బదులు చెప్పలేరు. 1984లో పాలింక్సార్, బ్రౌన్ అను నిరువురు పరిశోధకురాండ్రు ఇట్టి ఏడవ తరగతి పిల్లలకే నాలుగు పనులు నేర్పి మంచి ఫలితములు చూపిరి. సారాంశము చెప్పుట, తామే ప్రశ్న వేయుట, తెలియని మాటను తేల్చుకొనుట, తరువాత ఏమి రానున్నదో ఊహించుట అనునవి ఆ నాలుగు. ‘వంశధార గుణుపురము మీదుగా పారి, ఆంధ్రప్రదేశమున ప్రవేశించి, కళింగపట్నము వద్ద సముద్రమున కలియును’ అను వాక్యమును తీసికొందము. ‘ఒకే నది నీటిని రెండు రాష్ట్రములవారు ఎట్లు పంచుకొందురు?’ అని పిల్లవాడే అడిగెనేని, అతడు నిజముగా చదివినట్లే.

ఒడియా నేర్చుటవలన తెలుగు చెడునని కొందరు తల్లిదండ్రులు భయపడుచున్నారు. ఆ భయము వలదు. గ్రామ, పర్వత, ఆకాశ, విద్యాలయ మొదలగు సంస్కృతపదములు రెండు భాషలకును ఉమ్మడి సొత్తు. అర్థము మారిన మాటలను మాత్రము ఒక పట్టికగా వ్రాసికొనుట మంచిది. ఒడియాలో ‘ఉపన్యాస’ యనగా నవల, మనకు ప్రసంగము. ఒడియాలో ‘శిక్షా’ యనగా విద్య, మనకు దండన. చదువు రాని బిడ్డకు మన మీయవలసినది ఒడియావారి శిక్షయే గాని తెలుగువారి శిక్ష కాదు!

తల్లిదండ్రులకు మా మనవి యొకటి కలదు. మీకు అక్షరములు రాకున్నను మీరు తోడ్పడగలరు. ప్రతి సాయంకాలము పది నిమిషములు బిడ్డ చెంత కూర్చుండి చదువు వినుడు. ‘కథలో ఏమి జరిగినది?’ అని యడుగుడు. శ్రీకాకుళము వైపున నున్న అమ్మమ్మకో తాతకో నెలకొక ఉత్తరము వ్రాయింపుడు. అన్నతోనో అక్కతోనో పోల్చి కించపరుపకుడు. పుస్తకమును ముఖమునకు మిక్కిలి దగ్గరగా పట్టుకొనునేని కంటివైద్యునికి చూపుడు. ఎంత శ్రమించినను అక్షరములు తారుమారగుచున్నచో ఉపాధ్యాయునితో చెప్పుడు. బుద్ధి చురుకుగా నున్నను చదువుట మాత్రమే కష్టమగు పిల్లలు కొందరుందురు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇట్టి అభ్యసన లోపమును గుర్తించి, సహాయము పొందు హక్కు కల్పించినది.

ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు సౌకర్యములు కల్పింపవలెనని 1956 నాటి ఏడవ సవరణచే మన రాజ్యాంగమున 350ఎ అధికరణము చేరినది. చట్టము తలుపు తెరువగలదు. లోనికి నడచుటకు చదువు రావలయును. జయపురపు మహారాజు విక్రమదేవవర్మ (1869–1951) ఒడియా, తెలుగు రెండింటను పండితుడై, రెండు భాషల విద్యకును తోడ్పడెను. ఒక భాషను ప్రేమించుటకు మరియొకదానిని విడువ నక్కరలేదని ఈ సీమ చరిత్రయే చెప్పుచున్నది. నేడు ‘శక్తి’ యను మాట వద్ద ఆగిపోయిన బిడ్డకు దినమునకు పది నిమిషముల ఓర్పు చూపుదము. ఒక మాట దాటిన బిడ్డ వాక్యము దాటును. వాక్యము దాటిన బిడ్డకు పుస్తకము దూరము కాదు.